ఎల్బీనగర్ నీటి పద్దు: ఆర్. విద్యాసాగర్‌రావు స్మారకోపన్యాస పాఠం

ఒక ప్రాంతపు ప్రజలు తమ తాగునీటిని, తినే తిండిని తామే కాపాడుకోగలగాలంటే, ఆ నీరు ఏ నదిది, ఎవరి ఊళ్ల మీదుగా వచ్చింది, వాడుకున్న తర్వాత ఎవరి పొలంలోకి పోతున్నది, ఆ పొలంలో పండినది తిరిగి ఎవరి కంచంలోకి చేరుతున్నది అన్న లెక్క ముందుగా వారి చేతిలో ఉండాలి. నిధులు, యంత్రాలు, చట్టాలు ఆ తర్వాతి మాట. లెక్క ఇంజనీర్ల బల్లల మీదనే ఉండిపోయిన చోట, నీరు రాని రోజున రోడ్డెక్కడం, వచ్చిన రోజున మరచిపోవడం తప్ప ప్రజలకు చేయగలిగింది మిగలదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా మీదుగా వనస్థలిపురం దాకా విస్తరించిన తూర్పు హైదరాబాద్‌కు సంబంధించి ఆ లెక్కను పరిశీలించడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

దీనిని ఆర్. విద్యాసాగర్‌రావు స్మృతికి అంకితం చేయడానికి బలమైన కారణం ఉంది. ఉమ్మడి నల్లగొండ జిల్లా జాజిరెడ్డిగూడేనికి చెందిన ఆయన కేంద్ర జలసంఘంలో చీఫ్ ఇంజనీరుగా పనిచేసి విరమించారు. తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర ప్రభుత్వానికి నీటిపారుదల సలహాదారుగా ఉంటూ 2017 ఏప్రిల్ 29న కన్నుమూశారు. నదీజలాల పంపకంపై ఆయన తీసుకున్న పక్షంతో విభేదించేవారు ఉండవచ్చు గాని, కేటాయింపులు, నికర జలాలు, మిగులు జలాలు అనే మాటలను సచివాలయపు ఫైళ్లలో నుంచి తీసి ఊరి రచ్చబండ మీదికి తెచ్చినవారిలో ఆయన ముందువరుసలో ఉన్నారన్నది ఎవరూ కాదనలేరు. ‘నీళ్లు–నిజాలు’ అన్న పేరుతో వచ్చిన ఆయన రచనలకు మూలమైన నమ్మకం ఒక్కటే: లెక్క అర్థమైన మనిషిని ఎవరూ తేలికగా దాటిపోలేరు. ఆ నమ్మకాన్ని ఆయన రాష్ట్రాల స్థాయిలో పాటించారు. అదే నమ్మకం ఒక కాలనీ స్థాయిలో, ఒక వార్డు స్థాయిలో ఏం చేయగలదన్నది ఇక్కడి ప్రశ్న.

ఎల్బీనగర్ ఇళ్లలో నల్లా విప్పితే వచ్చేది ప్రధానంగా కృష్ణా నీరు. నాగార్జునసాగర్ జలాశయం నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన నీటిని అక్కంపల్లి జలాశయంలో నిలిపి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, అంచెలంచెలుగా పంపులతో పైకి నెట్టి గున్‌గల్ దాకా తెచ్చి, అక్కడి నుంచి వాలు మీద సాహెబ్‌నగర్ రిజర్వాయర్లకు చేరుస్తారు. ఈ పథకం మొదటి దశ 2004లో, రెండవది 2008లో, మూడవది 2015లో పూర్తయ్యాయి. ఒక్కొక్క దశ సామర్థ్యం 90 ఎంజీడీలు. ఎంజీడీ అంటే రోజుకు పది లక్షల గ్యాలన్లు, అంటే సుమారు 45 లక్షల లీటర్లు. మూడు దశలూ కలిస్తే రోజుకు దాదాపు 123 కోట్ల లీటర్లు. సంవత్సరానికి ఈ మూడింటికీ కలిపి కేటాయించినది 16.5 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, లీటర్లలో చెప్పాలంటే సుమారు 2,830 కోట్లు. నగరం మొత్తానికి పంచుకునే ఈ నీటికి తొలి మజిలీ సాహెబ్‌నగర్ కావడం వల్ల తూర్పు హైదరాబాద్‌కు దీనితో ఉన్న బంధం మరింత దగ్గరది.

ఈ గొట్టాలు నడిచి వచ్చిన దారి నల్లగొండ జిల్లాది. రాతి పొరల్లోని ఫ్లోరైడ్ బావినీటిలో కరిగి, పిల్లల పళ్లకు గార పట్టించి, పెద్దల వెన్నును వంచేసిన నేల అది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే ఇంటి పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు పెట్టిందంటే ఆ జిల్లా ఎంత బాధ అనుభవించిందో ఊహించవచ్చు. అక్కడి ప్రజలు మౌనంగా ఊరుకోలేదు. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ పీడిత గ్రామాల వారిచేత మూకుమ్మడిగా నామినేషన్లు వేయించగా, నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్టు పత్రాన్ని పుస్తకంలా ముద్రించవలసి వచ్చింది. నీటి కోసం ఒక సమాజం ఎన్నికల యంత్రాంగాన్నే తన అర్జీగా మార్చుకున్న ఘట్టం తెలుగునాట మరొకటి లేదు. తమ నల్లాలో పారే నీరు ఏ ఊళ్లను దాటుకుంటూ వచ్చిందో ఎల్బీనగర్ బడిపిల్లలకు పాఠంగా చెప్పవలసిన అవసరం ఉంది. ఎందుకంటే పైనుంచి నీరు పంపిన జిల్లాతో నగరానికి ఉన్న సంబంధం అక్కడితో తెగిపోదు. మరో దారిన, మరో రూపంలో అది తిరిగి మొదలవుతుంది.

నీరు సాహెబ్‌నగర్ దాకా శుద్ధంగా వచ్చినంత మాత్రాన ఇంటి బిందెలోకి శుద్ధంగా దిగుతుందన్న హామీ లేదు. నగరంలో చాలా కాలనీలకు నీరు రోజు విడిచి రోజు, అదీ కొన్ని గంటలే వస్తుంది. లైన్‌మన్ వాల్వు కట్టేశాక గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా కీలు వదులై, పక్కనే మురుగు గొట్టం కారుతుంటే, ఆ ఖాళీ గొట్టం చుట్టూ ఉన్న మురికిని లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీరు వదిలినప్పుడు మొదట వచ్చే రంగు మారిన, వాసన వేసే నీటికి చాలాసార్లు మూలం ఇదే. పైగా ఒత్తిడి చాలక ఇళ్లవారు నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. ఒక ఇంటి సంపు త్వరగా నిండుతుంది గాని వీధి మొత్తానికి ముప్పు పొంచి ఉంటుంది. 2009 మేలో నగరంలోని భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయిన దుర్ఘటన ఈ ప్రమాదం ఎంతటిదో చూపింది.

దీనికి కాపలా కాయడం పెద్ద ప్రయోగశాలలకే సాధ్యమైన పని కాదు. భారత ప్రమాణాల ప్రకారం వినియోగదారు నల్లా దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ మిగిలి ఉండాలి. స్వేచ్ఛా క్లోరిన్ అంటే దారిలోని సూక్ష్మజీవులను చంపగా ఇంకా పనిచేయడానికి మిగిలిన క్లోరిన్. చిన్న గాజు గొట్టంలో నల్లా నీరు పట్టి రెండు మూడు చుక్కల పరీక్షా ద్రావణం వేస్తే నీరు పసుపు రంగుకు తిరుగుతుంది; ఆ రంగును పక్కనున్న పట్టీతో సరిపోల్చి చూడటమే పరీక్ష. రంగు రాలేదంటే క్లోరిన్ దారిలోనే ఖర్చయిపోయింది, అంటే దారిలో ఎక్కడో మురికి కలుస్తుండవచ్చు. మరొక పరీక్షలో, రసాయనం అద్దిన కాగితపు ముక్క ఉన్న సీసాలో నీరు నింపి ఒకటి రెండు రోజులు వెచ్చని చోట ఉంచుతారు. కాగితం నల్లబడితే ఆ నీటిలో మలసంబంధమైన బ్యాక్టీరియా ఉండవచ్చునని అనుమానించి ప్రయోగశాలకు పంపాలి. ఇంటర్ చదివే పిల్లలు సైతం చేయగలిగిన పనులివి. వీధి మొదట్లో ఒక ఇల్లు, మధ్యలో ఒకటి, చివర ఒకటి ఎంచుకొని నీరు వదిలిన ప్రతిసారీ క్లోరిన్ చూసి ఒక పుస్తకంలో రాసి ఉంచితే, ఏ రెండు ఇళ్ల మధ్య రంగు తగ్గిందో చూసి గొట్టం ఎక్కడ పగిలిందో దాదాపుగా చెప్పవచ్చు. ‘నీళ్లు బాగాలేవు’ అన్న ఫిర్యాదును అధికారి పక్కన పెట్టగలడేమో గాని, తేదీలతో, కొలతలతో ఉన్న పుస్తకాన్ని పక్కన పెట్టడం కష్టం. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2015లో జరిగింది అదే: నీరు క్షేమమేనని అధికారులు చెబుతూ ఉండగా, పౌరులు తమ నల్లాల నుంచి తామే నమూనాలు పట్టి విశ్వవిద్యాలయ పరిశోధకులకు పంపి, నీటిలో సీసం ఉన్నదని రుజువు చేశారు.

నది నుంచి వచ్చే నీటి కథ ఇలా ఉంటే, కాళ్ల కింద ఉన్న నీటి కథ వేరు. దిల్‌సుఖ్‌నగర్ అన్న పేరు దిల్‌సుఖ్‌రామ్ పర్షాద్ అనే భూస్వామిది. ఆయన వ్యవసాయ భూములే ప్లాట్లయి నేటి పేటగా మారాయి. ఆ పొలాలకు నీరిచ్చినది ఒక గొలుసుకట్టు చెరువుల వ్యవస్థ. గొలుసుకట్టు అంటే ఎగువ చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కాలువ గుండా దిగువ చెరువులోకి చేరే అమరిక. మీర్‌పేట, జిల్లెలగూడ చెరువుల నీరు సరూర్‌నగర్ చెరువులోకి, అక్కడి అలుగు నీరు చైతన్యపురి నాలా గుండా మూసీలోకి పోవడం ఇక్కడి నేల వాలు నిర్ణయించిన దారి. ఒకప్పుడు పొలాలకు పారిన సరూర్‌నగర్ చెరువు ఇప్పుడు సుమారు 99 ఎకరాల నీటి తలంగా, చుట్టూ కాలనీల మధ్య మిగిలింది. 2020 అక్టోబరు 13 నాటి కుంభవృష్టికి కోదండరాంనగర్ వంటి దిగువ కాలనీలు రోజుల తరబడి నీటిలో నానాయి; అలుగు దారిలో, నాలా ఒడ్డున, శిఖం భూమిలో ఇళ్లు లేచాక నీటికి వేరే దారి లేకపోయింది. శిఖం అంటే చెరువు నిండినప్పుడు మునిగే భూమి. నిండని సంవత్సరాల్లో అది ఎండిన మైదానంలా కనిపిస్తుంది గనుక దాన్ని అమ్మడమూ కొనడమూ తేలిక.

చట్టం లేక కాదు ఇదంతా జరిగింది. 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుల నుంచి 9 మీటర్ల మేర కట్టడాలు ఉండరాదు. నగరానికి పడమట ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణకు 1996లో జీవో 111 అనే ప్రత్యేక కవచం లభించింది. 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ మరొక జీవో రావడం వేరే కథ. తూర్పు చెరువులకు ఆ మాత్రం కవచం కూడా ఎన్నడూ దొరకలేదు. అవి నగరానికి తాగునీరు ఇవ్వడం లేదు కాబట్టి పట్టించుకోనక్కర లేదన్న భావనే దీనికి కారణమైతే, ఆ భావన తప్పు. ఇక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు బండ. నీరు నిలిచేది పైన మెత్తబడిన పొరలోనూ, బండలోని పగుళ్లలోనూ మాత్రమే. చెరువు నిండితే చుట్టుపక్కల బోర్లు ఊరతాయి, చెరువులో మురుగు నిలిస్తే అదే బోర్లలోకి దిగుతుంది.

ఇంటి మీద పడే వాన లెక్క కూడా చూడవలసినదే. హైదరాబాద్‌లో సగటున ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రెండు వందల గజాల జాగాలో వంద చదరపు మీటర్ల పైకప్పు ఉంటే, దాని మీద ఏడాదిలో పడే నీరు 80,000 లీటర్లు; అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. అందులో సగం ఇంకినా వేసవిలో ఆ ఇంటివారు ట్యాంకరు కోసం ఫోన్లు చేసే అవసరం చాలావరకు తగ్గుతుంది. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం, అందరూ ‘వాల్టా’ అని పిలిచేది, ఇంకుడు గుంతలకు ఆనాడే బలమిచ్చింది. అయితే ఇల్లు కట్టే అనుమతి కోసం తవ్విన గుంత మూడు వానాకాలాలు గడిచేసరికి ఒండ్రు పేరుకొని, ఇసుక పొర గట్టిపడి, నీరు ఇంకని గొయ్యిగా మిగులుతుంది. గుంత తవ్వడం కంటే ఏటా మృగశిర కార్తెకు ముందు దాని ఇసుక మార్చడం ముఖ్యం. ఆ పని మీద పర్యవేక్షణ కాలనీ సంఘానిదే కావాలి.

ఈ రకమైన లెక్కను సామాన్యులు నిజంగా నడపగలరా అన్న సందేహానికి తెలుగు రైతులు ఇరవై ఏళ్ల కిందటే జవాబు చెప్పారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో 2003 నుంచి 2009 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో, నల్లగొండ, మహబూబ్‌నగర్‌లతో సహా, ఆరువందలకు పైగా ఊళ్లలో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజల నిర్వహణ పథకం నడిచింది. రైతులే వర్షమాపకంలో వానను కొలిచారు. పదిహేను రోజులకొకసారి ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టాన్ని తీగతో కొలిచారు. ఆ అంకెలను ఊరి నడిబొడ్డున గోడ మీద రాశారు. వానాకాలం ముగిశాక అందరూ కూర్చొని, భూమిలో ఎంత నీరు చేరింది, యాసంగిలో అనుకున్న పంటలకు ఎంత కావాలి అని పోల్చి చూసుకున్నారు. దీనినే పంటల నీటి బడ్జెట్ అన్నారు. ఎవరి బోరునూ మూయించలేదు, ఎవరికీ జరిమానా వేయలేదు, నీరు తక్కువ వాడినందుకు ఎవరికీ డబ్బు ఇవ్వలేదు. అయినా నీటిలోటు కనబడిన చోట చాలామంది వరి విస్తీర్ణం తగ్గించి ఆరుతడి పంటలకు మారారు. 2010లో వెలువడిన ప్రపంచ బ్యాంకు నివేదిక ఒకటి ఈ అనుభవాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. బడి మధ్యలో మానేసిన మహిళా రైతులు సైతం నీటిమట్టం గ్రాఫులు గీయగలిగినప్పుడు, డిగ్రీలు చదివినవారు వీధికి పదిమంది ఉన్న ఎల్బీనగర్ కాలనీలకు అది అసాధ్యమనడానికి వీలు లేదు. తేడా ఒక్కటే: ఊళ్లో బోరు ఎండితే పంట ఎండుతుంది, నగరంలో ట్యాంకరు వస్తుంది. ట్యాంకరు వచ్చినంత కాలం ఆ లోటు ఎవరి కంటికీ కనబడదు, అది ఏ శివారు ఊరి బోరు నుంచి తోడిన నీరో ఎవరూ అడగరు.

ఇక పోయే నీరు. ఈ ప్రాంతపు మురుగు, నాలాల గుండానూ గొట్టాల గుండానూ, మూసీ వైపు సాగుతుంది. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్లు, నాగోలులో 172 మిలియన్ లీటర్లు శుద్ధి చేసేలా మొదట కేంద్రాలు కట్టారు. తర్వాత ఇంకా కొత్తవి చేరాయి. శుద్ధి అయినా కాకపోయినా చివరికి నీరు చేరేది నదికే. నాగోలు దాటాక మూసీ మీద ‘కత్వలు’ వరసగా వస్తాయి. కత్వ అంటే నీటిమట్టాన్ని కొంచెం పెంచి పక్క కాలువలోకి మళ్లించే చిన్న అడ్డుకట్ట. పిల్లాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి, బునాదిగాని కాలువలు ఆ నీటినే యాదాద్రి భువనగిరి, నల్లగొండ జిల్లాల పొలాలకు అందిస్తున్నాయి. చివరికి వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది, అదీ సాగర్ ఆనకట్టకు దిగువన. నల్లగొండ మీదుగా శుద్ధంగా పైకి వచ్చిన కృష్ణ, నగరవాసుల స్నానపు గదుల గుండా, వంటగదుల గుండా మలినమై, నల్లగొండ మీదుగానే కిందికి దిగుతున్నది. పైన చెప్పిన సంబంధం తిరిగి మొదలయ్యే చోటు ఇదే.

దిగువ రైతుకు ఈ నీరు ఒక పక్క వరం కూడా. బోర్లు ఎండిన మే నెలలో సైతం ఆగకుండా పారే కాలువ, ఎరువు శాతం ఎక్కువున్న నీరు, ఏడాదికి రెండు పంటల హామీ. అయితే ఉప్పు శాతం పెరిగిన మడుల్లో వరి దిగుబడి పడిపోవడంతో నగరానికి దగ్గరగా ఉన్న రైతులు చాలామంది పశుగ్రాసపు గడ్డికి మారారు. పీర్జాదిగూడ, పర్వతాపూర్ ప్రాంతాల గడ్డి మోపులు నగరపు పాడి గేదెలకు మేతగా వెళ్లాయి, ఆ పాలు మళ్లీ నగరపు ఇళ్లకు చేరాయి. మడిలో దిగి గడ్డి కోసే కూలీల కాళ్లకు పట్టే దురద, గోళ్లు పుచ్చడం గురించి ఆ ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. నగరం తాను వదిలిన నీటిని ఆకుకూర రూపంలో, పాల రూపంలో, బియ్యం రూపంలో తిరిగి పుచ్చుకుంటున్నది. మురుగునీటి సాగును ఒక్క ఆజ్ఞతో నిషేధించడం వల్ల రైతు నష్టపోవడం తప్ప ఒరిగేది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన మార్గదర్శకాలు వేరే దారి చూపాయి: ఒకే చోట సంపూర్ణ శుద్ధి సాధ్యం కాకపోతే, పొలం నుంచి వంటింటి దాకా ప్రతి అంచెలో ఒక్కొక్క అడ్డుగోడ కట్టాలి. నీటిని ముందు ఒక కుంటలో నిలిపి తేర్చడం, ఆకుల మీద చల్లకుండా మొదళ్లకే పారించడం, కోతకు కొన్ని రోజుల ముందు తడి ఆపడం, పచ్చిగా తినే కూరలకు బదులు ఉడికించి తినేవి పండించడం, సంతలో కడగడానికి మంచినీరు అందించడం, ఇవన్నీ కలిస్తే ప్రమాదం గణనీయంగా తగ్గుతుంది. వీటిలో కొన్నింటికి రైతు శ్రమ కావాలి, మరికొన్నింటికి కొనేవారి సహకారం, ధరలో కొంత న్యాయం కావాలి.

కొనేవారికి, పండించేవారికి మధ్య దూరం తగ్గించే ఏర్పాటు ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రైతు బజార్లలో సరూర్‌నగర్, వనస్థలిపురం బజార్లు పేరున్నవి. దళారీ లేకుండా రైతు తన గంపను తానే దించి తూచే చోటు గనుక, కూర ఏ నీటితో పండిందని అడిగే హక్కు, చెప్పే బాధ్యత రెండూ అక్కడ ఎదురెదురుగా నిలబడగలవు. ఆ ప్రశ్న అడగడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. 1986 నుంచి గడ్డిఅన్నారంలో నడిచిన పండ్ల మార్కెట్టు అనుభవం ఇందుకు పాఠం. మామిడికాయలను తొందరగా మగ్గించడానికి తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు విడిచే కార్బైడును వాడటం ఆహార భద్రతా నిబంధనల ప్రకారం నేరం. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఛాయలుంటాయి. 2015లో ఉమ్మడి హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించాకనే తనిఖీలు, ఇథిలీన్‌తో మగ్గబెట్టే గదుల మాట ఊపందుకున్నాయి. 2021లో మార్కెట్టు బాటసింగారానికి తరలింది, గడ్డిఅన్నారం స్థలం ఆసుపత్రి నిర్మాణానికి వెళ్లింది. ఆసుపత్రి అవసరమైనదే, కాని తిండి ఎక్కడి నుంచి ఎలా వస్తున్నదో జనం కళ్ల ముందు కనబడే చోటు ఒకటి ఇక్కడి నుంచి దూరమైందన్నదీ నిజమే. తుమ్మేటి రఘోత్తమరెడ్డి ప్రచారంలోకి తెచ్చిన మిద్దెతోటలు ఆ లోటును కొంత పూడ్చగలవు. నాలుగు మడుల పాలకూర కుటుంబానికి సరిపోకపోయినా, కూరకు ఎంత నీరు పడుతుందో, ఎంత శ్రమ పడుతుందో ఇంటిల్లిపాదికీ నేర్పుతుంది.

పనిగా చూస్తే ఇవన్నీ ఒక కాలనీ సంఘం చేతిలో పట్టేవే. అక్టోబరు చివర, వానలు వెనుదిరిగాక ఒకసారి, మే నెలలో మరొకసారి, కాలనీలోని అయిదారు బోర్ల మట్టాలు కొలిచి సంఘం బోర్డు మీద రాయాలి. నల్లా నీటి క్లోరిన్ పుస్తకం ఎవరడిగినా చూపేలా ఉండాలి. సరూర్‌నగర్ చెరువులోకి ఏయే నాలాల నుంచి మురుగు దిగుతున్నదో నడిచి చూసి పటం గీయాలి. కాగితాలు కావలసిన చోట 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ఈ లెక్కలో పిల్లాయిపల్లి కాలువ రైతు కూడా భాగస్వామి అయితేనే అది పూర్తవుతుంది: నాగోలు, అంబర్‌పేట కేంద్రాల నుంచి వదిలే నీటి పరీక్షా ఫలితాలు ప్రతి నెలా తెలుగులో కత్వల దగ్గర బోర్డు మీద ఉండాలని కోరే అర్జీ మీద, కాలువ రైతుల సంతకాల పక్కన ఎల్బీనగర్ కాలనీ సంఘాల సంతకాలు ఉండాలి.